తోలుంటేనే రెక్క

ఆదివారం తెల్లారేసరికి మంచిర్యాల జిల్లా కాసిపేట, సోమగూడెం చికెన్ సెంటర్ల ముందు జనం మూగుతారు. నైట్ షిఫ్టు దిగి బట్టల మీది బొగ్గు మసితోనే వచ్చినవాళ్లు కొందరు. సెలవు రోజైనా ప్లే డే డ్యూటీ పడింది కాబట్టి బొగ్గుబాయికి పోయేలోపు ఇంట్లో కూర పడేసి పోదామనుకునేవాళ్లు ఇంకొందరు. బోర్డు మీద రెండు రేట్లుంటాయి. ఒకటి స్కిన్, రెండోది స్కిన్‌లెస్. "అన్నా, కిలో కొట్టు. తోలు తియ్యి" అనే మాటే ఎక్కువగా వినిపిస్తుంది. కత్తి మెడ దగ్గర ఒక గాటు పెడితే చాలు, ఈకలతో సహా తోలు చొక్కా విప్పినట్టు ఊడొచ్చి బకెట్లో పడుతుంది. రెక్క కొసలు కూడా అందులోకే పోతాయి. మిగిలిన రెక్క ముక్కలు కూర ముక్కల్లో కలిసిపోతాయి.

ఇంట్లో వడ్డన దగ్గర ఆ రెక్కకు మర్యాద ఉండదు. లెగ్ పీసు పిల్లలది. మెత్తటి ముక్కలు పెద్దవాళ్లవి. ఎముక ఎక్కువ, కండ తక్కువ ఉన్న రెక్క తిరిగి తిరిగి వండినావిడ కంచంలోకే చేరుతుంది. గంటసేపు పులుసులో ఉడికిన రెక్క తినడానికి చప్పగా, జిగటగా ఉంటుందన్నది నిజమే. ఆ నేరం మాత్రం రెక్కది కాదు. కోడి మొత్తంలో ఓవెన్‌కు ఇంత చక్కగా కుదిరే ముక్క మరొకటి లేదు. తోలుతో కొని, తడి ఆర్చి, నూనె చుక్క వేయకుండా కాల్చి, చివర్లో కాస్త బెల్లం, చింతపండు, కారం పట్టిస్తే బార్లలో ప్లేటు లెక్కన అమ్మే వేపుళ్లు దీని ముందు నిలవవు. బొగ్గుబాయి ఊళ్లలోని ఇళ్లు ఈ వంటను సొంతం చేసుకోవాలి. అందుకు ముందుగా వదులుకోవాల్సింది స్కిన్‌లెస్ అలవాటును.

ఈ అలవాటులో ఒక విచిత్రం ఉంది. ఇదే కాసిపేట మండలంలో పండగకో, దేవుడి మొక్కుకో నాటుకోడిని కోస్తే ఈకలు పీకి, పసుపు రాసి, మంట మీద తిప్పి తిప్పి కాలుస్తారు. తోలు మీద చిన్న ఈక మొదలు కూడా మిగలకుండా చూసుకుంటారు. ఆ కాలిన తోలు వాసన కోసమే నాటుకోడి కూర అంటే లొట్టలేస్తారు. తోలు లేని నాటుకోడిని వడ్డిస్తే చుట్టాలు నొచ్చుకుంటారు. అదే చేయి బ్రాయిలర్ దగ్గరికి వచ్చేసరికి తోలు తీసెయ్యమంటుంది.

ఎందుకని అడిగితే వచ్చే జవాబులు రెండు. ఒకటి, తోలు నిండా కొవ్వు. రెండు, బ్రాయిలర్ కోళ్లకు ఇంజెక్షన్లు వేస్తారు, ఆ మందంతా తోలులోనే ఉంటుంది. రెండో మాటలో సగం పుకారు, సగం నిజం. బ్రాయిలర్ నలభై రోజుల్లో రెండు కిలోలు తూగడానికి కారణం హార్మోన్ సూదులు కావు. దశాబ్దాలుగా ఏరి ఏరి పెంచిన జాతి, లెక్క ప్రకారం పెట్టే దాణా ఆ పెరుగుదలను తెచ్చాయి. వేల కోళ్లున్న షెడ్డులో ఒక్కో కోడికి సూది వేస్తూ పోతే రైతుకు గిట్టుబాటు కూడా కాదు. యాంటీబయాటిక్స్ సమస్య మాత్రం నిజమైనదే. కొలిస్టిన్ అనే చివరి అస్త్రంలాంటి మందును ఆహారం కోసం పెంచే జీవాలకు వాడకూడదని 2019 జులైలో కేంద్రం నిషేధించింది కూడా. అయితే మందుల అవశేషాలు ఒక్క తోలులోనే దాక్కొని కూర్చోవు. కండలోనూ, కాలేయంలోనూ ఉంటాయి. తోలు తీయించి కార్జం అడిగి మరీ వేయించుకునేవాళ్లు ఈ లెక్క ఒకసారి సరిచూసుకోవాలి.

అసలు కారణం దుకాణం పనిలో ఉంది. తోలుతో ఇవ్వాలంటే కోడిని వేడినీళ్లలో ముంచాలి, డ్రమ్ములో వేసి ఈకలు రాల్చాలి, మిగిలిన మొదళ్లు ఏరాలి. తోలు తీసేస్తే ఈ పనేదీ ఉండదు, ఈకలన్నీ తోలుతోనే పోతాయి. ఆదివారం రద్దీలో ఏది తొందరగా తెములుతుందో అదే వాడుకైపోయింది. పైగా తోలు బరువు పోతుంది కాబట్టి స్కిన్‌లెస్ రేటు ఎక్కువ. వినియోగదారుడు ఎక్కువ డబ్బిచ్చి, రుచి ఉన్న భాగాన్ని బకెట్లో వదిలేసి వస్తున్నాడన్నమాట.

రెక్క మనకు కొత్తేమీ కాదు. మంచిర్యాల, బెల్లంపల్లి, గోదావరిఖని బార్లలో చికెన్ లాలీపాప్ తిన్న ప్రతివాళ్లూ రెక్క తిన్నవాళ్లే. రెక్కలోని ఎముక మీద కండను ఒక కొసకు నెట్టి గుండ్రంగా చేసి, పిండిలో ముంచి, నూనెలో వేయించి, ఎర్రటి రంగుతో వడ్డించే ఇండో-చైనీస్ వంటకం అది. అంటే రెక్క మీద మనకు విముఖత లేదు. ఇంట్లో దాన్ని ఎట్లా వండాలో తెలియదు, అంతే. బయట తినే రెక్కతో వచ్చే చిక్కులు వేరు. మరిగిన నూనెనే మళ్లీ మళ్లీ వాడటం మొదటిది. వేపుడు నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన పెట్టింది. అది 2018 జులై నుంచి అమల్లో ఉంది. రోడ్డు పక్క బండి మీద కడాయిలో ఆ కొలత చూసేదెవరు? రంగు రెండోది. 2024లో కర్ణాటక ప్రభుత్వం ముందు గోబీ మంచూరియాలో, ఆ తర్వాత చికెన్ కబాబ్‌లలో కృత్రిమ రంగులు వాడొద్దని ఆదేశాలిచ్చింది. ఇంట్లో కాల్చే రెక్కకు రంగుతో పనే లేదు. ఎర్రకారం, బెల్లం, వేడి కలిసి ఇచ్చే రంగు చాలు.

ప్రపంచం రెక్క విలువ తెలుసుకున్నది కూడా ఆలస్యంగానే. అరవయ్యేళ్ల కిందటి దాకా అమెరికాలో రెక్కలంటే సూపు కుండలోకి పోయే ముక్కలు. 1964లో న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో నగరంలో యాంకర్ బార్ నడిపే టెరెస్సా బెల్లిసిమో వాటిని నూనెలో వేయించి, వెన్న కలిపిన కారం సాసులో దొర్లించి వడ్డించిందని చెబుతారు. ఆ రాత్రి కొడుకు స్నేహితులు ఆకలితో వచ్చారని ఒక కథ, సరుకు తెచ్చినవాళ్లు పొరపాటున రెక్కలు దించిపోయారని మరో కథ. అదే నగరంలో జాన్ యంగ్ అనే నల్లజాతి హోటల్ యజమాని రెక్కలను ముక్కలు చేయకుండా, పిండి పట్టించి వేయించి, తియ్యటి మాంబో సాసుతో అమ్మేవాడు. రెక్కల వ్యాపారం మొదలుపెట్టింది తానేనన్నది ఆయన వాదన. తీపి, కారం కలిసిన రెక్కలకు మూలం వెతికితే బెల్లిసిమో కన్నా యంగే దగ్గరవాడు. 1977 జులై 29ని బఫెలో నగరపాలక సంస్థ చికెన్ వింగ్ డేగా ప్రకటించింది. 2023 సూపర్ బౌల్ సమయంలో అమెరికన్లు 145 కోట్ల రెక్కలు తింటారని అక్కడి నేషనల్ చికెన్ కౌన్సిల్ అంచనా వేసింది. సూపు కుండలోంచి ఇంత దూరం.

బఫెలో కూడా మనలాంటి ఊరే. ఉక్కు మిల్లులు, పిండి మరలు, షిఫ్టుల్లో పనిచేసే జనం ఉన్న ఊరు. చవగ్గా దొరికే ముక్కకు కారం దట్టించి, పని దిగిన మనిషి చేతితో పట్టుకొని తినేలా చేసిన వంట అది. దాదాపు అదే కాలంలో, 1965లో, మద్రాసు బుహారీ హోటల్లో చికెన్ 65 పుట్టిందని ప్రతీతి. మన హోటళ్లు దాన్ని ఎంతగా కలుపుకున్నాయంటే, పెరుగూ కరివేపాకూ వేసిన హైదరాబాద్ 65 ఇప్పుడు వేరే రకంగానే చెలామణీ అవుతోంది. రెక్కనూ అట్లాగే కలుపుకోవచ్చు.

రెక్కకూ ఓవెన్‌కూ ఎందుకు అంత పొత్తు కుదిరిందో చూద్దాం. కోడి రొమ్ము ముక్కలో కండ ఎక్కువ, కొవ్వు తక్కువ. వేడి కాస్త ఎక్కువైతే పీచు పీచు అవుతుంది. రెక్క అట్లా కాదు. కండ కొంచెమే, దాని చుట్టూ తోలు, కీళ్ల దగ్గర కొలాజెన్ అనే బంధక కణజాలం. ఏ కోడి మాంసమైనా లోపల 74 డిగ్రీల సెల్సియస్ చేరితే తినడానికి భద్రం. రెక్క మాత్రం 85, 90 డిగ్రీల దాకా పోయినా ఎండిపోదు. పైగా ఆ వేడికే కొలాజెన్ కరిగి జెలటిన్‌గా మారి, కండ ఎముకను వదిలేలా మెత్తబడుతుంది. అందువల్ల కొత్తగా ఓవెన్ పట్టినవాళ్లు ఐదు నిమిషాలు అటూ ఇటూ చేసినా రెక్క క్షమిస్తుంది.

తోలు పని దీనికి పూర్తిగా వేరు. తోలులో నీళ్లు, కొవ్వు, కొలాజెన్ ఉంటాయి. నీళ్లు ఆవిరైపోయి, కొవ్వు కరిగి కారిపోతేనే మిగిలిన పొర కరకరలాడుతుంది. ఆ కారే కొవ్వులోనే తోలు వేగుతుంది కాబట్టి వేరే నూనె అక్కర్లేదు. తోలు తీసిన రెక్కను ఓవెన్లో పెడితే ఈ రెండు పనులూ జరగవు. పైన గట్టిపడి, లోపల ఎండి, చెప్పు తోలు నమిలినట్టుంటుంది. "ఓవెన్లో చేస్తే బాగుండదు" అని తేల్చేసినవాళ్లలో చాలామంది స్కిన్‌లెస్ ముక్కలతో ప్రయత్నించి ఉంటారు. మరికొందరు మైక్రోవేవ్‌లో పెట్టి ఉంటారు. మైక్రోవేవ్ ముక్కలోని నీటిని వేడెక్కించి ఉడికిస్తుందే తప్ప తోలును కాల్చలేదు. కన్వెక్షన్ ఉన్న మైక్రోవేవ్, ఓటీజీ (ఓవెన్-టోస్టర్-గ్రిల్), ఎయిర్ ఫ్రయర్, ఈ మూడింట్లో ఏదైనా సరే. ఎయిర్ ఫ్రయర్ అనేది గట్టి ఫ్యాన్ బిగించిన చిన్న ఓవెనే. తోలు కరకరలాడటంలో అది ఓటీజీ కన్నా ఒక అడుగు ముందే ఉంటుంది, కాకపోతే ఒక వాయికి అరకిలో కన్నా ఎక్కువ పట్టదు.

పని దుకాణం దగ్గరే మొదలవుతుంది. ఒక కోడికి రెండే రెక్కలు. మామూలు సైజు బ్రాయిలర్ల నుంచి కిలో రెక్కలు కావాలంటే ఆరేడు కోళ్లు తెగాలి. కాబట్టి శనివారమే చెప్పిపెట్టాలి: "అన్నా, రేపటికి కిలో రెక్కలు పక్కన పెట్టు. తోలుతోనే ఇయ్యి." పెద్ద పట్టణాల్లో ఫ్రోజెన్ ప్యాకెట్లు దొరుకుతాయి. అవి వాడితే రాత్రంతా ఫ్రిజ్ కింది అరలో పెట్టి, గడ్డ పూర్తిగా విడిచాకే వండాలి.

ఇంటికి తెచ్చిన రెక్కను చేతిలోకి తీసుకొని వెలుతురులో చూడాలి. కొస దగ్గర, కీలు మడతలో ఈకల మొదళ్లు నల్లటి చుక్కల్లా మిగిలి ఉంటాయి. డ్రమ్ము మెషిన్‌కు అందని చోటు అదే. వాటిని వేళ్లతోనో ప్లక్కర్‌తోనో లాగేసి, గ్యాస్ మంట మీద ఒక్క క్షణం తిప్పితే సన్న నూగు కాలిపోతుంది. నాటుకోడిని కాల్చిన చేతులకు ఈ పని ఎవరూ నేర్పక్కర్లేదు. తర్వాత రెక్కను సాగదీసి, రెండు కీళ్ల దగ్గర కత్తి ఆనించి నొక్కితే మూడు ముక్కలవుతుంది. భుజం వైపు ఉండే బొద్దు ముక్క, రెండు ఎముకలుండే చదును ముక్క, కొస. కొసలను పారేయొద్దు. మిరియాలు, అల్లం వేసి మరిగిస్తే చిక్కటి చారు వస్తుంది.

కడగాలా వద్దా అన్నది మన ఇళ్లలో తగవు పెట్టే ప్రశ్న. అమెరికా, బ్రిటన్ ఆరోగ్య సంస్థలు పచ్చి కోడిని కడగొద్దంటాయి. కుళాయి కింద కడిగితే తుంపరలతో పాటు సాల్మొనెల్లా, క్యాంపిలోబ్యాక్టర్ వంటి సూక్ష్మజీవులు సింకు చుట్టూ చిమ్ముతాయన్నది వాటి కారణం. మన దుకాణం మొద్దు మీద నరికిన మాంసానికి నెత్తురు, ఎముక నలుసులు అంటుకొని ఉంటాయి. కడగకుండా వండమంటే ఏ ఇల్లాలూ ఒప్పుకోదు. మధ్యేమార్గం ఉంది. ధారగా నీళ్లు వదలకుండా, గిన్నెలో కొంచెం నీళ్లు పోసి మెల్లగా కడిగి ఒంపేయాలి. తర్వాత సింకునూ చేతులనూ సబ్బుతో కడుక్కోవాలి. ఆపైన చేయాల్సిన పని ఇంకా ముఖ్యం. పాత నూలు గుడ్డతో ఒక్కో ముక్కనూ ఒత్తి ఒత్తి తడి తుడవాలి. తడి ఉన్నంతసేపూ ఓవెన్ వేడంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది, తోలు కాలే పని మొదలే కాదు.

కిలో ముక్కలకు రెండు టీస్పూన్ల ఉప్పు, రెండు టీస్పూన్ల బేకింగ్ పౌడర్, అర టీస్పూన్ పసుపు, ఒక టీస్పూన్ మిరియాల పొడి కలిపి పట్టించాలి. అమెరికాలో కెంజీ లోపెజ్-ఆల్ట్ లాంటి వంటశాస్త్ర రచయితలు బాగా ప్రచారంలోకి తెచ్చిన చిట్కా ఈ బేకింగ్ పౌడర్. అది తోలు ఉపరితలాన్ని కాస్త క్షారం వైపు జరుపుతుంది. అప్పుడు మాంసకృత్తులు, చక్కెరలు కలిసి ఎర్రబడే చర్య తొందరపడుతుంది. తోలు మీద సన్నటి బుడగలు లేచి కరకర పెరుగుతుంది. వంట సోడాను మాత్రం దీనికి బదులు వేయకూడదు. సోడా దీనికన్నా చాలా ఘాటు, ముక్క సబ్బు తిన్నట్టు చేదెక్కుతుంది. డబ్బా మీద పేరు చదివి మరీ వేయాలి. పట్టించిన ముక్కలను పళ్లెంలో విడివిడిగా పరిచి, మూత పెట్టకుండా ఫ్రిజ్‌లో ఉంచాలి. అన్నింటికన్నా కింది అరలో, వండిన పదార్థాలకు దూరంగా. శనివారం రాత్రి పెడితే ఆదివారం మధ్యాహ్నానికి తోలు ఆరి బిగుసుకుంటుంది.

ఓటీజీని 220 డిగ్రీలకు పెట్టి పది నిమిషాలు వేడెక్కనివ్వాలి. కింద రేకు పరిచిన ట్రే, దాని మీద జల్లెడ స్టాండు, ఆ పైన ముక్కలు. ముక్కకూ ముక్కకూ మధ్య వేలు దూరేంత సందు ఉండాలి. అద్దం తలుపులోంచి చూస్తుంటే పదిహేను నిమిషాలకు తోలు పాలిపోయి, కొవ్వు బొట్లు బొట్లుగా రేకు మీద చిటచిటలాడుతుంది. అరగంటకు బుడగలు లేచి గడ్డి రంగుకు తిరుగుతుంది. సగంలో ఒకసారి తిరగేసి, మొత్తం నలభై ఐదు నుంచి యాభై నిమిషాలు ఉంచితే పట్టకారుతో తట్టినప్పుడు టకటక శబ్దం వస్తుంది. అది విన్నాకే తీపి సంగతి.

తెలంగాణ నాలుకకు మాంసంలో తీపి పడదని ఒక నమ్మకం. కూర వరకూ అది నిజమే కావచ్చు. కానీ పచ్చిపులుసులో చిటికెడు బెల్లం వేయని ఇల్లెక్కడుంది? ఉగాది పచ్చడి సంగతి చెప్పనే అక్కర్లేదు. బెల్లం ఆవకాయ అన్నంలో కలుపుకొని తినేవాళ్లకు తీపి, పులుపు, కారం ఒకే ముద్దలో కలిస్తే ఎట్లా ఉంటుందో ఒకరు చెప్పాలా? అమెరికన్ వంటల్లో తేనె, సోయా సాసు, పళ్ల రసం చేసే పనిని ఇక్కడ బెల్లం, చింతపండు, వెల్లుల్లి ఇంకా బాగా చేస్తాయి. కిలో రెక్కలకు యాభై గ్రాముల బెల్లం, రెండు పెద్ద చెంచాల చిక్కటి చింతపండు గుజ్జు, నాలుగు రెబ్బల వెల్లుల్లి ముద్ద, రెండు టీస్పూన్ల ఎర్రకారం, ఒక చెంచా నెయ్యి. సన్న సెగ మీద గరిటెకు అంటుకునేంత చిక్కబడితే చాలు, ఉండపాకం దాకా పోనివ్వొద్దు. ఎర్రబెల్లమైతే సరిపోతుంది. గుడుంబా కేసుల పుణ్యాన నల్లబెల్లం పేరెత్తితే ఈ ప్రాంతంలో ఎక్సైజ్ వాళ్లు గుర్తొస్తారు, వంటకు దాని అవసరమూ లేదు.

ఈ పాకాన్ని ముందే పట్టించి ఓవెన్లో పెట్టడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు. బెల్లంలో పంచదారతో పాటు గ్లూకోజ్, ఫ్రక్టోజ్ కూడా ఉంటాయి. ఫ్రక్టోజ్ 110 డిగ్రీల దగ్గరే రంగు మారడం మొదలుపెడుతుంది. 220 డిగ్రీల ఓవెన్లో ముప్పావుగంట ఉంచితే తోలు కాలేలోపే తీపి మాడి చేదవుతుంది. అందుకే కాలిన ముక్కలను వెడల్పు గిన్నెలో వేసి, పాకం పోసి, గిన్నెను ఎగరేసి కలపాలి. మళ్లీ జల్లెడ మీద పరిచి ఐదు నిమిషాలు ఓవెన్లో పెడితే పాకం తోలుకు అతుక్కొని మెరుస్తుంది. పైన వేయించిన నువ్వులు, పక్కన ఉల్లిగడ్డ, నిమ్మచెక్క. వేడి మీదే తినాలి, ఆలస్యమైతే పాకం తడికి కరకర పోతుంది.

నంజుకోవడానికి బయట దొరికే మయోనైజ్ వద్దు. పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాది పాటు నిషేధించిన సంగతి గుర్తుంచుకోవాలి. గుడ్డలో కట్టి నీరు వార్చిన గట్టి పెరుగులో వెల్లుల్లి, కొత్తిమీర, ఉప్పు కలిపితే ఆ కారానికి సరైన జోడీ.

ఇంతా విన్నాక వచ్చే మొదటి అభ్యంతరం ఓవెన్ గురించే. ఓటీజీ ఉన్నోళ్ల ఇంటి వస్తువనీ, కరెంటు తినేస్తుందనీ అంటారు. 1,500 వాట్ల ఓటీజీ గంటసేపు ఆగకుండా నడిచినా కాలేది ఒకటిన్నర యూనిట్. థర్మోస్టాట్ మధ్యమధ్య ఆపుతుంది కాబట్టి అంత కూడా కాదు. కడాయిలో పోసే లీటరు నూనె ఖరీదుతో పోల్చుకుంటే ఏది దుబారానో తేలుతుంది. ఒకటి మాత్రం నిజం, దీన్ని మామూలు ఐదు ఆంపుల ప్లగ్గులో కాకుండా పెద్ద పవర్ సాకెట్‌లోనే పెట్టాలి.

వస్తువు ఖరీదు గురించిన అభ్యంతరంలో మాత్రం బరువుంది. 2024 సెప్టెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వం బొగ్గు సంస్థ సింగరేణి 2023-24 లాభాల్లో విస్తరణకు తీసిపెట్టగా మిగిలిన మొత్తంలో 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు, కార్మికులకు వాటాగా ప్రకటించింది. దసరా ముందు ఆ డబ్బు ఖాతాల్లో పడిన ఇళ్లలో ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు, టీవీలు దిగాయి. అలాంటి ఇంటికి నాలుగైదు వేల ఓటీజీ లెక్కలోది కాదు. అదే ప్రకటనలో కాంట్రాక్టు కార్మికులకు తొలిసారిగా ఇచ్చింది ఐదు వేలు. వాళ్ల ఇంట్లో ఓటీజీ కొనాలంటే ఏడాది బోనస్ మొత్తం దానికే పోవాలి. పక్కపక్కనే పనిచేసే ఇద్దరి వంటిళ్ల మధ్య ఇంత దూరం ఉన్నప్పుడు "అందరూ ఓవెన్ కొనండి" అని రాయడం సులువే, న్యాయం కాదు. ఓవెన్ లేనివాళ్లకు పాత పద్ధతి ఉంది. బొగ్గుల కుంపటి మీద ఇనుప జాలి పెట్టి, మంట లేని నిప్పుల సెగన ఇవే ముక్కలను తిప్పుతూ కాల్చి, చివర్లో ఇదే పాకం పూయవచ్చు. వాకిట్లో, గాలి ఆడేచోట చేయాలి. మూసిన గదిలో కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది.

ఈ ఊళ్లకు బొగ్గు సెగ పరాయిది కాదు. గ్యాస్ రాకముందు కార్మికవాడల్లో పొద్దుగూకితే ఇంటింటి ముందూ బొగ్గు పొయ్యిలు రాజుకునేవి, వీధంతా పొగ కమ్మేది. ఆ పొగను ఎక్కువగా పీల్చింది పొయ్యి ఊదిన ఆడవాళ్లు. ఇప్పుడు అదే బొగ్గు జైపూర్‌లో సింగరేణి కట్టుకున్న 1,200 మెగావాట్ల విద్యుత్ కేంద్రానికీ, రామగుండం ఎన్టీపీసీకీ పోయి, తీగల మీదుగా తిరిగొచ్చి ఓటీజీ కడ్డీలను ఎర్రబరుస్తోంది. వంటింట్లో పొగ లేదు. వేపుడైతే వాయి వాయికీ కడాయి దగ్గరే నిలబడాలి. ఓవెన్లో పెట్టాక తిరగేసే ఒక్క నిమిషం తప్ప ముప్పావుగంట చేతులు ఖాళీ. ఆదివారం కూడా పొయ్యి ముందు చెమటలు కక్కే ఆమెకు ఆ ముప్పావుగంట దక్కడం రుచి కన్నా పెద్ద వాదన.

ఎండాకాలం మినహాయింపు అడగడం న్యాయమే. మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండం, మంచిర్యాల ప్రాంతంలో మధ్యాహ్నం ఓవెన్ వెలిగించమని ఎవరూ చెప్పరు. వానాకాలం, చలికాలం దీని రోజులు.

ఆరోగ్యం లెక్క కూడా దాచక్కర్లేదు. తోలుతో ఉన్న రెక్క కొవ్వున్న ఆహారమే. కోడి కొవ్వులో సంతృప్త కొవ్వు సుమారు మూడో వంతు, మిగిలింది అసంతృప్తం. ఓవెన్లో అందులో కొంత కారిపోయి రేకు మీద మిగులుతుంది. కడాయిలో వేయిస్తే పిండి పొర కొత్త నూనెను పీల్చుకుంటుంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో విడుదల చేసిన మార్గదర్శకాలు ఉప్పు, అదనపు చక్కెర తగ్గించుకోమన్నాయి, రోజుకు ఐదు గ్రాముల ఉప్పు దాటొద్దన్నాయి. కిలో రెక్కలు నలుగురు పంచుకుంటే మనిషికి పన్నెండున్నర గ్రాముల బెల్లం, రెండున్నర గ్రాముల ఉప్పు పడతాయి. అంటే ఆ పూట అప్పడాలు, పచ్చడి పక్కన పెట్టాలి. షుగర్ ఉన్నవాళ్లు బెల్లం పాకం వదిలి, నిమ్మరసం, మిరియాలతో తినాలి. ఆదివారం వంటగా ఉంచుకోవాల్సిందే తప్ప రోజువారీ కూరగా మార్చుకోవాల్సింది కాదు.

2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు తెలంగాణలోనూ చికెన్ దుకాణాలు వెలవెలబోయాయి. ముక్క లోపలి దాకా 70 డిగ్రీలు చేరేలా వండితే ఆ వైరస్ బతకదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతూనే ఉంది. ముప్పావుగంట ఓవెన్లో ఉన్న రెక్క ఆ గీతను ఎప్పుడో దాటేస్తుంది. ఉడికిందో లేదోనన్న అనుమానం ఉన్నవాళ్లకు వంట థర్మామీటర్ మంచి తోడు, దాని ధర కిలో చికెన్‌కు కాస్త అటూ ఇటూ.

మార్పు ఇళ్లలో మొదలవ్వాలని చెప్పి వదిలేస్తే సరిపోదు. కాసిపేట, మందమర్రి, బెల్లంపల్లి చికెన్ సెంటర్లు బోర్డు మీద మూడో రేటు రాయాలి: తోలుతో రెక్కలు. శనివారం ఆర్డర్లు తీసుకొని ఆదివారం ఇస్తే వాళ్లకూ బేరం పెరుగుతుంది, బకెట్లో పడేది తగ్గుతుంది. సింగరేణి సేవా సమితి కార్మిక కుటుంబాల మహిళలకు కుట్టు వంటి పనులు నేర్పిస్తోంది. ఆ జాబితాలో ఓవెన్ వంటను చేర్చి, శిక్షణ కేంద్రంలో నాలుగు ఓటీజీలు పెడితే కాంట్రాక్టు కార్మికుల ఇళ్లవాళ్లు కూడా కొనకుండానే నేర్చుకోగలుగుతారు. నేర్చుకున్నవాళ్లలో ఇద్దరు ముగ్గురు చిన్న బండి పెట్టుకున్నా, కాలనీ మూలన రంగు లేని, పాత నూనె తగలని రెక్కలు ప్లేటు లెక్కన దొరుకుతాయి.